గాజులు తీసిన చేతులు

2024 సెప్టెంబరు 4, బుధవారం. పదికి తొమ్మిది.

ఆ అంకె చెప్పడానికి రాజలక్ష్మికి కొంత సమయం పట్టింది. మద్రాసు ప్రభుత్వాసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో రెండున్నర గంటలు వరుసలో కూర్చుని లోపలికి వెళ్లాక, జెబ అనే డాక్టరు ఆమె చేతులనైనా చూడకుండా ముందుగా అడిగిన ప్రశ్న అది. దురద అసలే లేకపోతే సున్నా, ఇంతకు మించి భరించలేననిపిస్తే పది, ఇప్పుడు మీకెంత? రాజలక్ష్మికి నలభై ఏడేళ్లు. ఈ జబ్బుకు పదకొండేళ్లు. ఇన్నాళ్లలో గోకొద్దని ఆమెకు చెప్పనివాళ్లు లేరు. ఎంత ఉందని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

"తొమ్మిదమ్మా," అంది చివరికి.

"పది కాదా?"

"పదని ఇప్పుడే చెప్పేస్తే రేపు ఇంకా ఎక్కువైనప్పుడు ఏం చెప్పేది? ఒకటన్నా చేతిలో పెట్టుకోని ఉండాల గదా."

జెబ నవ్వింది. రాజలక్ష్మి కొంగు కింద దాచుకున్న చేతులను బల్ల మీద పెట్టాక నవ్వు ఆపింది. చెయ్యికి పన్నెండు చొప్పున ఇరవై నాలుగు ఆకుపచ్చ గాజులు. డాక్టరు వాటిని ఒక్కొక్కటిగా మోచేతి వైపు జరిపి చూసింది. కింద చర్మం నల్లబడి, దళసరెక్కి, చెట్టు బెరడులా గరుకుగా ఉంది. మణికట్టు మడతల దగ్గర చిట్లి నీరు కారుతోంది. గోళ్లు ఆనిన చోటల్లా సన్నటి ఎర్రగీతలు.

"ఏం పని చేస్తారు?"

"గాజుల అంగడి. చూలైలో. తొడిగేది కూడా నేనే."

"సబ్బునీళ్లతో తొడుగుతారా?"

"ఇంకెట్ల పోతాది చెయ్యి?"

జెబ కాగితం మీద రాస్తూనే చెప్పింది. ఇది ఎగ్జిమా. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు. పుట్టుకతో వచ్చిన చర్మతత్వం కొంత, చేసే పని కొంత కలిసి తెచ్చిపెట్టింది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేను, అదుపులో ఉంచగలమని ఇవ్వగలను. నాలుగు వారాలు సబ్బునీళ్లు ముట్టుకోకూడదు. రోజుకు రెండుసార్లు పూతమందు, దానిపైన తడి నూలుగుడ్డ, ఆ పైన పొడి గుడ్డ. రోజూ సాయంత్రం పదికి ఎంతో ఒక పుస్తకంలో రాసి తేవాలి. చేతికి ఏమీ ఉండకూడదు.

"గాజులు?" అంది రాజలక్ష్మి.

"ముందు గాజులే."

"పదిహేనో తేదీ ఒక సీమంతం ఉండాదమ్మా. అది అయినాక తీస్తే కాదా?"

"పదకొండేళ్లుగా ఏదో ఒకటి అయ్యాకే అనుకుంటూ వచ్చారు కదా," అని జెబ తరువాతి చీటీ అందుకుంది.

ఇంటికి వచ్చే బస్సులో రాజలక్ష్మి ఆ మాటనే నమిలింది. డాక్టరుకు తెలియని సంగతి ఒకటుంది. గాజులు తొడిగే మనిషి తన చేతులు బోడిగా పెట్టుకుని ఎదుటి ఆడదాని చేయి పట్టకూడదు. ఎక్కడా రాసి లేదు గానీ, అత్తగారు పని నేర్పిన మొదటిరోజే చెప్పిన మాట అది. ఆ తరువాతనే మిగతా పని నేర్పింది: చేయి చూడగానే కొలత చెప్పడం, రెండు-నాలుగా, రెండు-ఆరా, రెండు-ఎనిమిదా, బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల్ని ఒకదానిమీదికి ఒకటి తెచ్చి, నురుగు రాసి, జతజతగా జార్చడం. గాజును చేతిమీదికి నెట్టకూడదు, చేతినే గాజులోకి తీసుకురావాలి అనేది ఆమె. చింతాద్రిపేటలో పాత వాడుకదారు ప్రభ ఇంట్లో మూడు తరాలుగా సీమంతానికి మొదటి గాజు తొడిగింది రాజలక్ష్మి అత్తింటి ఆడవాళ్లే. ప్రభకు, ఆమె అత్తగారికి, ఆ అత్తగారి అత్తగారికి. ఇప్పుడు ప్రభ కోడలు మైత్రికి ఏడో నెల. పదిహేను దాటితే తమిళుల ఆవణి నెల అయిపోతుంది. తరువాతి నెల పురట్టాసిలో ఆ ఇంట్లో శుభకార్యాలు పెట్టరు. తేదీ జరగదు. ఆ ఒక్క ఇల్లు పోతే, దాని వియ్యాలవారు, ఆడపడుచులు, పక్క వీధి బంధువులు అందరూ వరుసగా జారిపోతారని రాజలక్ష్మికి తెలుసు. ఇలాంటి ఇళ్లు ఒకదాన్ని చూసి ఒకటి పిలుస్తాయి, ఒకదాన్ని చూసి ఒకటి మానుకుంటాయి.

ఇంట్లో ఈ మాటను ఆమె భర్త ఆదికేశవులు గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు. ఆయన పెళ్లిపత్రికల ప్రెస్సులో కట్టింగు మిషను నడుపుతాడు. కిందటేడు గుండెకు స్టెంటు వేశారు. ఆ మూడు రోజులూ ఆసుపత్రి మెట్లమీద కూర్చున్న రాజలక్ష్మి, నర్సు పదేపదే విసుక్కున్నా, ఒక్క గాజు కూడా తియ్యలేదు.

"తీసేసుకో," అన్నాడు. "నీ తోలు కంటే ఎక్కువా? కానీ నేను చూసేట్లుగా తియ్యొద్దు రాజీ. నేను టీ తాగొస్తా."

ఆయన చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు. కూతురు జనని తలుపు దగ్గరగా వేసింది. జనని మందుల దుకాణంలో బిల్లులు కొడుతుంది, ఇంటికొచ్చినా లెక్క తప్పనివ్వదు. తల్లి గాజులు జతజతగా తీస్తుంటే స్టీలు డబ్బాలో పెడుతూ పైకే లెక్కపెట్టింది. పందొమ్మిదో గాజుకు చర్మం పొర ఒకటి అంటుకుని వచ్చింది. రాజలక్ష్మి పళ్లు కొరికింది గానీ అరవలేదు. ఆదికేశవులు టీకి వెళ్లినవాడు గంటంబావు తర్వాత వచ్చాడు.

"నేనింకా బతికే ఉండా, చూస్కో," అన్నాడు గుమ్మంలో, హాస్యంగా. ఆమె చేతుల వైపు మాత్రం చూడలేదు.

జనని పుస్తకంలో గీతలు కొట్టి తేదీలు వేసింది. 4న తొమ్మిది. 5న తొమ్మిది. 6న ఎనిమిది.

దురదను గురించి తెలియనివాళ్లు దాన్ని చిన్న బాధ అనుకుంటారు. నొప్పి అయితే మనిషిని ఒకచోట కూర్చోబెడుతుంది. దీనికి ఆ దయ కూడా లేదు. అంగట్లో ఎవరితోనో మాట్లాడుతుండగా మణికట్టు లోపలి వైపు సన్నగా, చీమ ఒకటి దారి వెతుక్కుంటున్నట్టు మొదలవుతుంది. ఆ క్షణాన గోకకుండా ఉంటే పోతుందని ఎన్నిసార్లు అనుకున్నా, పోదు. చీమ పది చీమలవుతుంది. మాట వినిపించదు. ఎదుటి మనిషి పెదవులు కదులుతుంటాయి, రాజలక్ష్మి తల ఊపుతుంటుంది, కొంగు చాటున చేయి షట్టరు అంచును వెతుక్కుంటుంది. గోకినంతసేపూ ఒళ్లంతా తేలికైనట్టు ఉంటుంది. ఆ తరువాత మంట, తడి, సిగ్గు. పెళ్లిళ్లలో ఆమె గోడవారనే కూర్చుంటుంది. రవికలకు చేతులు మణికట్టు దాకా కుట్టించుకుంటుంది. తన గ్లాసు తనకు వేరు. ఎవరూ పెట్టమనలేదు, తానే పెట్టుకుంది. రోజుకు ముప్ఫైమంది చేతులు పట్టుకునే మనిషి, పని లేకుండా ఒక్కరి చేతినైనా పట్టుకుని ఎన్నేళ్లయిందో తనకే తెలియదు.

నూలుగుడ్డ కట్లు మొదటి మూడు రోజులు నిజంగానే చల్లగా పనిచేశాయి. గోకబుద్ధి అయినప్పుడు గోరు బదులు అరచేత్తో తట్టమని జనని నేర్పింది. అంగట్లో గాజులు అమ్మేది, తొడగడం మాత్రం కొన్నవాళ్లకే వదిలేసేది. 7న ఏడు. పదకొండేళ్లలో ఏడు అనే అంకె ఎలా ఉంటుందో రాజలక్ష్మికి ఆరోజు తెలిసింది: పేపరు చదవొచ్చు, చదివింది గుర్తుంటుంది.

ఆ రోజే వినాయక చవితి. ఉండ్రాళ్లు జనని చేసింది. పూజకు కూర్చోబోతూ రాజలక్ష్మి తన చేతుల వైపు చూసుకుంది. తెల్లటి కట్లు, వాటి కింద ఏమీ లేదు. పక్కన భర్త పంచె కట్టుకుని కూర్చున్నాడు, ఆయన చూపు పత్రి మీద, పసుపు మీద, గోడ మీద, ఎక్కడెక్కడో తిరుగుతోంది గానీ ఆమె వైపు రావడం లేదు. ఆమె లేచి లోపలికి వెళ్లింది. అంగడి నుంచి తెచ్చిన అట్టపెట్టెలో బంగారు పూత వేసిన కవరింగ్ గాజులున్నాయి. చెయ్యికొకటి, కట్టు కిందనే, చర్మానికి ఆనేట్టు వేసుకుంది. డాక్టరు తియ్యమన్నది గాజుల్ని గదా, ఇవి గాజులెట్ల అవుతాయి, ఇనుమో ఇత్తడో, నీళ్లు నిలవవు, పగలవు అనుకుంది. గాజుల వ్యాపారంలో ఉన్నవాళ్ల లెక్కలో గాజంటే గాజుతో చేసిందే. కవరింగు లెక్కలోకి రాదు. కట్టు అంచున పసుపుపచ్చగా మెరిసిన ఆ సన్నని గీతను ఆదికేశవులు చూశాడు. అక్షింతలు తీసుకుని ఆమె తలమీద కూడా రెండు వేశాడు.

జననికి ఈ సంగతి ఆమె చెప్పలేదు. ఆ రాత్రి నుంచి కట్లు తానే కట్టుకుంటానంది.

8న ఏడు. 9న ఎనిమిది.

తొమ్మిదో తేదీ సోమవారం ప్రభ అంగడికి వచ్చింది. అరవై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది, చెప్పదలచుకున్నది చెప్పకుండా లేవదు. మెట్టుమీద పీట వేయించుకుని కూర్చుని, ఎరుపు, ఆకుపచ్చ గాజులు ఏరుతూ, ఏరుతూ, ఒక్కసారిగా కట్ల మీద చూపు నిలిపింది.

"ఇదేంది రాజీ? కాలిందా?"

"లేదు ప్రభమ్మా. పాత నవే, ఈ దురద. ఆస్పత్రిలో కట్టు కట్టుకోమన్నారు."

పక్కన రిబ్బన్లు చూస్తున్న ఒకావిడ తన పిల్లను చేయి పట్టి అర అడుగు వెనక్కి లాక్కుంది. రాజలక్ష్మికి అది అలవాటే. "అంటుకోదు మా," అంది తమిళంలో, ఆవిడ వైపు చూడకుండానే. ఆవిడ రిబ్బను అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

"నాకు తెలుసులే అంటుకోదని," అంది ప్రభ. "నిన్నా మొన్నా చూస్తాండానా నిన్ను? కానీ గాజులేవి?"

"నాలుగు వారాలు వద్దన్నారు."

"నాలుగు వారాలా? ఆదివారం ఫంక్షన్ పెట్టుకోని?"

"కట్టు విప్పేసి వస్తా. చేతులు శుభ్రంగా ఉంటాయి."

ప్రభ ఏరిన గాజుల్ని ఒడిలోంచి తీసి గల్లాపెట్టె మీద వరుసగా పెట్టింది. "చూడు రాజీ. మైత్రి అమ్మగారి తరఫు వాళ్లు బస్సు పెట్టుకోని వస్తాండారు. వాళ్ల ముందర నువ్వు బోడి చేతులతో వచ్చి నా కోడలి చేయి పట్టుకుంటే, ఏమైనా ఒకటి అయిందనుకో, తర్వాత నన్నెవరు వదలతారు? నాకు అట్లాంటి నమ్మకం లేదు మా. అవి నమ్మేటోళ్లు ఉండారు గదా."

"ఏమీ కాదు ప్రభమ్మా."

"నిండుగా గాజులేసుకోని రా. లేదంటే చెప్పు, మునియక్కను పిలుస్తా. ఇంకేమీ లేదు."

మునియక్కది వాషర్‌మెన్‌పేట్. తోపుడుబండి మీద గాజులమ్ముతుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నోరు పెద్దది, రెండు చేతులా మోచేతి దాకా గాజులు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు. పోయిన సంవత్సరం ఒక పెళ్లిలో ఎదురుపడి, "ఏం రాజలక్ష్మీ, చీర కొంగు చేతులకు కప్పుకున్నావే, చలా? మద్రాసులో ఎప్పుడు మంచు పడింది?" అని నలుగురిలో నవ్వించింది. ఆ నవ్వు రాజలక్ష్మికి ఇంకా చెవుల్లో ఉంది.

"నిండుగా గాజులేసుకోనే వస్తా ప్రభమ్మా," అంది.

10న ఎనిమిది. 11న ఎనిమిది. 12న తొమ్మిది.

అంకె ఎందుకు తిరిగి పైకి పోతోందో జననికి అర్థం కాలేదు. పుస్తకంలో తేదీల పక్కన తిన్నవన్నీ రాయడం మొదలుపెట్టింది. మొదట వంకాయ మానిపించింది. మర్నాడు వేరుశనగ. ఆ మర్నాడు ఎండుచేప. ఆదికేశవులు తన కంచంలోని ఎండుచేపను చేత్తో కప్పుకుని, "నవ మీ అమ్మకు పా, నాక్కాదు," అన్నాడు.

"నాయనా, ప్లీజ్. ఇంట్లో ఒకరు తింటే వాసనకే ఆమెకు ఆశ వస్తుంది."

"వాసన చూస్తే కూడా నవేనా? బాగుండాది ఈ డాక్టరు."

రాజలక్ష్మి నవ్వలేదు. కట్టు కింద మణికట్టు చుట్టూ వేడి తీగ చుట్టినట్టు ఉంది. ఆదివారం దాకా మూడు రోజులు. ఆదివారం రెండు గంటలు. ఆ రెండు గంటలు ఎలా గడుస్తాయో అనేదాని మీదనే ఆమె మనసు ఉంది. మిగతాది ఏదీ పట్టలేదు.

పదిహేనో తేదీ పొద్దున కూడా పదికి తొమ్మిదే.

చింతాద్రిపేటలో ఆ మండపం మొదటి అంతస్తులో ఉంది. మెట్ల మలుపులో ఆగి, రాజలక్ష్మి గుడ్డసంచిలోంచి స్టీలు డబ్బా తీసి, చెయ్యికి పన్నెండు చొప్పున ఆకుపచ్చ గాజులు కట్లమీదనే ఎక్కించుకుంది. జనని రెండు మెట్లు పైన నిలబడి చూసింది.

"డాక్టర్‌కు ఏం చెప్పేది మా?"

"సుమ్మా, ఊరికే ఉండు పాపా. పది నిమిషాలే. తొడిగేసి తీసేస్తా."

పైన నలభై మందికి పైగా ఆడవాళ్లు, పట్టుచీరలు, సాంబ్రాణి పొగ, తిరిగీ తిరగని రెండు ఫ్యాన్లు. మైత్రిని కుర్చీలో కూర్చోబెట్టారు. ముందు వేపఈనెను వంచి చేసిన గాజు వేశారు. తరువాత ప్రభ పళ్లెం చాచింది. పూజలో పెట్టిన జత, ఎరుపు, రెండు-ఆరు. రాజలక్ష్మి మైత్రి చేయి చూసింది. నీరు పట్టి చేయి ఉబ్బి ఉంది. కణుపుల దగ్గర గుంటలు పూడిపోయాయి.

"ఇది పోదు ప్రభమ్మా," అంది గొంతు తగ్గించి. "రెండు-ఎనిమిది తెచ్చి ఉండా. అది వేస్తాం."

"పూజలో పెట్టింది ఇదే. ఇదే తొడగాల."

రాజలక్ష్మి పీట మీద కూర్చుని మైత్రి బొటనవేలిని అరచేతిలోకి మడిచింది. సరిగ్గా అప్పుడే ఎడమ మణికట్టు లోపల చీమ కదిలింది. వంగగానే తన గాజులు పన్నెండూ ఒక్కసారి జారి కట్టుమీద పడ్డాయి. వాటి బరువుకు కట్టు ఒరుసుకుంది, కట్టు కింద ఉన్నది ఒరుసుకుంది. చీమ వందయింది. ఎర్రగాజు మైత్రి వేళ్లు దాటి కణుపుల దగ్గరికి వచ్చింది. ఇప్పుడు వదలకూడదు. ఇప్పుడు ఒక చేయి తీసి గోకితే నలభై మంది చూస్తారు. తియ్యకపోతే వేళ్లు నిలవవు. చెమట కంట్లోకి దిగింది. వీడియో తీసేవాడి దీపం ముఖం మీద వేడిగా కొడుతోంది. వేళ్ల చివర్లు వణకడం ఆమెకు కనిపించింది. ఇరవై మూడేళ్ల పనిలో మొదటిసారి. ఈ వణుకుతో ఇంకొక్క ఒత్తు ఒత్తితే గాజు పిల్ల చేతిమీదే పగులుతుంది. కడుపుతో ఉన్న మనిషి చేతిమీద, అందరి ముందు, మొదటి గాజు.

ఆమె ఎర్రగాజును వెనక్కి తీసి పళ్లెంలో పెట్టింది. తరువాత తన గాజులు తియ్యడం మొదలుపెట్టింది. రెండు, నాలుగు, ఆరు. మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోయి, చివరికి హాల్లో ఆ చప్పుడొక్కటే మిగిలింది. ఎడమచేతివి అయ్యాక కుడిచేతివి. కట్లు విప్పింది. కట్ల కింది కవరింగ్ గాజులు కూడా లాగి సంచిలో పడేసింది. నల్లగా, పచ్చిగా, తడిగా ఉన్న రెండు చేతులు బయటపడ్డాయి. పదకొండేళ్లుగా ఆమె నలుగురిలో ఎప్పుడూ ఇలా చూపించనివి.

"రాజీ! ఏం పని ఇది?" అంది ప్రభ.

"నా చేతికి గాజుల్లేకుంటే దోషం నాకే ప్రభమ్మా. పాప చేతిమీద గాజు పగిలితే మనందరికీ. అవి వేసుకోని ఉంటే నా చేతులు నిలవడం లేదు."

"అట్లయితే నువ్వు లే."

ఆమె లేచింది. ప్రభ వదినగారు, నిండుగా గాజులున్న పెద్దావిడ, పీట మీద కూర్చుని అదే ఎర్రగాజు అందుకుని నెట్టింది. అది బొటనవేలి మొదట్లో ఇరుక్కుంది. ఇంకా నెట్టింది. మైత్రి "అమ్మా" అని కళ్లు మూసుకుంది. గాజు ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

"నూనె తెండి."

"నూనె కాదు, సబ్బు."

"కదలొద్దు పాపా, కదిలితే పగలతాది!"

వీడియోవాడు దీపం ఆర్పేశాడు. గాజు అంచు చుట్టూ చర్మం తెల్లబడింది. మైత్రి కళ్లు తెరిచి, చుట్టూ ఉన్న ముఖాలన్నీ దాటి, గోడవారకు వెళ్లి నిలబడ్డ రాజలక్ష్మి వైపు చూసింది.

"ఆంటీ, మీరే రాండి."

ప్రభ పక్కకు జరిగి దారి ఇచ్చింది. రాజలక్ష్మి ముందు చేతులను నూలుగుడ్డతో తుడుచుకుంది. మైత్రి మోచేయి కింద తన భుజం ఆనించి, ఆ చేతిని నిలువుగా పైకి ఎత్తించింది. "అరవై లెక్కపెడతా. నీరు కిందికి దిగాల. నువ్వు ఊపిరి పీల్చుకుంటా ఉండు, అంతే."

ఒకటి, రెండు, మూడు. పదిహేను దగ్గర దురద తిరిగి వచ్చింది. ఇరవై ఎనిమిది దగ్గర అది తొమ్మిది. నలభై ఒకటి దగ్గర, డాక్టరుకు చెప్పకుండా దాచుకున్న ఆ ఒక్కటి కూడా అయిపోయింది. ఆమె లెక్క ఆపలేదు, గొంతు పెంచింది. యాభై తొమ్మిది. అరవై. చేతిని దించి, బొటనవేలి కింది కండను అరచేతి మధ్యకు ఒత్తి, గాజును నెట్టకుండా, చేతినే మెల్లగా తిప్పుతూ గాజులోకి తెచ్చింది. వేళ్లు వణకలేదు. ఎర్రగాజు కణుపులు దాటి మణికట్టు మీద చప్పుడు లేకుండా కూర్చుంది.

ఎవరో స్పీకరులో నాదస్వరం పెట్టారు.

ఆ తరువాత ఆచారం ప్రకారం వచ్చిన ఆడవాళ్లందరికీ గాజులు. నలభై ఒక్కమందిలో ఇరవై ముగ్గురు రాజలక్ష్మి ముందు చేయి చాచారు. పద్దెనిమిది మంది పళ్లెంలోంచి తీసుకుని తామే వేసుకున్నారు. వెళ్లేటప్పుడు ప్రభ తాంబూలాన్ని ఆమె చేతిలోనే పెట్టింది, ముఖం మాత్రం చూడలేదు.

తరువాతి వారం.

16న ఎనిమిది. 17న ఆరు. 18, బుధవారం, జెబ పుస్తకం తెరిచి, చవితి దాకా దిగి, ఆదివారం దాకా ఎక్కి, మళ్లీ దిగిన అంకెలను వేలితో తడిమింది. తరువాత మణికట్టు చుట్టూ ఉంగరంలా మిగిలిన ఎర్రటి చారను చూసింది.

"ఏడో తేదీ చేతికి ఏం వేసుకున్నారు?"

రాజలక్ష్మి జనని వైపు చూసి, తల దించుకుని చెప్పింది. కవరింగు. చెయ్యికొకటి. పూజకు.

"ఏమీ ఉండకూడదన్నానా లేదా?"

"గాజులే గదా అనుకున్నా."

బంగారు పూత కింద ఉండే లోహమే కొందరి చర్మానికి పడదని, మీకు పడుతుందో లేదో వీపు మీద పట్టీలు అంటించి పరీక్ష చేయాలని జెబ చెప్పింది. జనని అదేదీ వినడం లేదు; హాల్లో చూసిన ఆ కవరింగు ఆదివారం ఒక్కరోజుకే వేసుకున్నదనుకుంది.

"ఎనిమిది రోజులు మా! నాయనతో కొట్లాడి ఎండుచేప మానిపించినా నేను!"

"మీ నాయనకు ఇయ్యాలే చేసిపెడతాలే," అంది రాజలక్ష్మి.

గురువారం ఒక ఫోను వచ్చింది. ప్రభ ఆడపడుచు కూతురికి అక్టోబరులో గాజుల వేడుక; రాజలక్ష్మికి వద్దు, మునియక్కకు చెప్పేశారు. ఆమె సరేనంది. అనుకున్నదే. ఫోను పెట్టేసి అంగట్లో ముందు వరుసలో ఉన్న కవరింగ్ పెట్టెలను తీసి పై అరలోకి మార్చింది. ఆదికేశవులు ఆ సాయంత్రం ప్రెస్సు నుంచి సరాసరి అంగడికి వచ్చి పీట మీద కూర్చున్నాడు. చాలాసేపు వీధి వైపు చూసి, చివరికి ఆమె బోడి చేతుల వైపు చూశాడు. "మందు పూసే టైమైందా?" అని అడిగి, ట్యూబు మూత తానే తీశాడు.

శనివారం, 21. పదికి ఐదు. మధ్యాహ్నం వీధిలో జనం పలచబడ్డాక మునియక్క వచ్చింది. తోపుడుబండి లేదు. మెట్టెక్కి, అడగకుండానే పీట లాక్కుని కూర్చుంది.

"అక్టోబరు ఫంక్షన్‌కు రెండు-ఎనిమిది ఎరుపు కావాల. నా దగ్గర లేవు."

"ఉండాయి అక్కా. ఎన్ని డజన్లు?"

మునియక్క వీధి అటూ ఇటూ చూసింది. "ఆదివారం నువ్వు అందరి ముందర గాజులు ఊడదీసినావంట. మా పేట దాకా వచ్చింది మాట."

"నవ్వను వచ్చినావా?"

"నవ్వను వస్తే బండి తోసుకోని నలుగుర్ని ఎంటబెట్టుకోని వస్తా. ఒంటిగా వస్తానా?" అంది మునియక్క. తన ఎడమచేతి గాజులన్నిటినీ కుడిచేత్తో ఒక్క గుత్తిగా పట్టి, మోచేతి మీదికి నెట్టింది. కింద చర్మం నల్లగా, దళసరిగా, మడతల దగ్గర చిట్లి ఉంది. నలభై ఏళ్ల సబ్బునీళ్లు. రాజలక్ష్మి దాన్ని చూడగానే గుర్తుపట్టింది, తన ముఖం అద్దంలో చూసుకున్నట్టు.

"ఆ డాక్టరమ్మ ఏ వారం ఉంటాది?" అని అడిగింది మునియక్క, గొంతు తగ్గించి.

"బుధవారం. పొద్దున ఏడుకే పోవాల. నేను తోడొస్తా." రాజలక్ష్మి చేయి చాచి, ఆ మణికట్టును తన అరచేతిలోకి తీసుకుంది. తొడగడానికి ఏమీ లేదు, ఊరికే పట్టుకుంది. "పోతానే ముందు ఒకటి అడగతాది. ఇప్పుడే ఆలోచించి పెట్టుకో. పదికి ఎంతక్కా?"

మునియక్క ఆ చేతిని వెనక్కి తీసుకోకుండానే, కళ్లు మూసుకుని అంకె వెతుక్కుంది. ఆమెనూ అంతవరకు ఎవరూ అడిగి ఉండలేదు.